ఉతికాక ముడుచుకుపోయిన పాప దుప్పటికి సమాధానం

ఒకవైపు కాటన్, ఇంకోవైపు ఫ్లీస్ (మెత్తటి నూగున్న పాలియెస్టర్ గుడ్డ) వేసి కుట్టిన దుప్పటి ఒక్క ఉతుకుకే ముడుచుకుపోయిందన్నారు కదా, అది మీ కుట్టులో లోపం కాదండీ. కాటన్ కుదించుకుపోయింది, పాలియెస్టర్ ఫ్లీస్ ఉన్నంతే ఉంది. దుప్పటిని పారేయకండి. చుట్టూ కుట్లు విప్పి, కాటన్‌ను మాత్రమే ఇస్త్రీ చేసి (ఫ్లీస్‌కి వేడి తగిలితే కరిగిపోతుంది), ఫ్లీస్‌ను ఆ కాటన్ కొలతకు కత్తిరించండి. ఇకమీదట కాటన్‌ను ఉతికి ఆరేశాకే కత్తెర పట్టండి.

అంచులు అలల్లా వచ్చాయని కూడా అన్నారు, దానికి కారణం వేరే, ఫ్లీస్ సాగుతుంది. అందుకే గుండుసూదులు దగ్గరదగ్గరగా పెట్టి, సాగే ఫ్లీస్ కిందకి, గుడ్డను ముందుకు జరిపే మిషన్ పళ్ళవైపు ఉండేలా వేసి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచి, గుడ్డను అస్సలు లాగకుండా మెల్లగా కుట్టుకుంటూ వెళ్ళండి. కుట్టాక దుప్పటి లోపలి వైపును బయటికి తిప్పడానికి అరచేయి పట్టేంత సందు వదిలి, తిప్పాక చుట్టూ పైకుట్టు వేస్తే ఆ సందు కూడా మూసుకుపోతుంది. మధ్యలో రెండు మూడు వరసలు కుడితే పొరలు జారవు.

అంచుకి గుండీలు, రిబ్బన్లు పెట్టాలనుకుంటున్నారట, దయచేసి వద్దు, ఊడి నోట్లోకి పోతాయి. ఏడాది నిండేదాకా నిద్రలో పాప దగ్గర ఈ దుప్పటి ఉంచకండి, మెలకువగా ఉన్నప్పుడు కింద పరవండి. కుట్టడం పూర్తయ్యాక గుండుసూదులు లెక్కపెట్టుకోండి.