మెడ నొప్పి వాళ్ళు తూలుతారా, తూగుతారా?

సందేహం: నేను ఫిజియోథెరపిస్టుని. ఏళ్ళ తరబడి మెడ నొప్పి ఉన్నవాళ్ళలో చాలామందికి నిలబడటంలో, నడవటంలో బ్యాలెన్స్ కాస్త దెబ్బతింటుంది. దీని గురించి పేషెంట్లకు ఇవ్వడానికి తెలుగులో ఒక పేజీ తయారుచేస్తున్నాం. మా వాళ్ళలో ఒకరు 'సమతుల్యత' అని రాశారు, ఇంకొకరు 'శారీరక భంగిమ నియంత్రణ' అన్నారు. పేషెంట్లేమో తూలుతున్నామనీ, తూగుతున్నామనీ, తల తిరుగుతోందనీ, కళ్ళు తిరుగుతున్నాయనీ తలా ఒక మాట చెబుతారు. ఇవన్నీ ఒకటేనా? మేం ఏది వాడాలి? (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

సమాధానం: అమ్మా, ముందు ఆ 'శారీరక భంగిమ నియంత్రణ' సంగతి తేల్చేస్తాను, అది చదవగానే నాకూ మెడ పట్టేసినంత పనైంది. భంగం అంటే విరుపు, వంపు. ఆ వంపులోంచి పుట్టింది భంగిమ. కృష్ణుడి త్రిభంగిలో మెడ దగ్గర ఒక వంపు, నడుము దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి. అది నాట్యానికీ శిల్పానికీ ఫోటోకీ పనికొచ్చే మాట. బస్సు కోసం నిలబడ్డ మనిషికి భంగిమ ఏమిటి? దాని పక్కన 'నియంత్రణ' ఒకటి, ధరల నియంత్రణ లాగా, కాలుష్య నియంత్రణ లాగా. ఇంగ్లీషు మాటకి ఒక సంస్కృతం ముక్క అంటించేస్తే తెలుగైపోతుందనుకోవడం మన పాఠ్యపుస్తకాలకూ ప్రభుత్వ కరపత్రాలకూ ఎప్పటినుంచో ఉన్న జబ్బు, మీ పేజీకి అది సోకనివ్వకండి.

'సమతుల్యత' దాని కంటే మర్యాదస్తురాలే, కాకపోతే బరువెక్కువ. తుల్యం అంటేనే సమానం. దానికి ముందు ఇంకో 'సమ' తగిలించి, వెనకాల 'త' చేరిస్తే సమానసమానత్వం అన్నట్టు తయారైంది. బడ్జెట్ గురించో ప్రకృతి గురించో రాసేవాళ్ళు వాడుకుంటున్నారు, వాడుకోనివ్వండి. సమతుల ఆహారం కూడా జనానికి అలవాటైపోయింది. కానీ మెట్లు దిగుతూ గోడ పట్టుకునే అరవై ఏళ్ళావిడ 'నాకు సమతుల్యత లోపించిందయ్యా' అని అనదు కదా.

'సమతూకం' మాత్రం నాకు ఇష్టం. సంస్కృతం 'సమ'ని తెలుగు తూకంతో ముడేశారు, వ్యాకరణం పట్టింపు ఉన్నవాళ్ళు మూతి ముడుస్తారు, అయినా సరే. ఎందుకంటే అందులో తూకం ఉంది. నాకు ఈ మాట మీద కొంచెం పిచ్చి ఉన్న సంగతి ఈ శీర్షిక చదివేవాళ్ళకి తెలుసు.

తూకం, తూనిక, తూచడం, ఇవన్నీ 'తూఁగు' పిల్లలు. ఆ అరసున్న చూశారా, ఇప్పుడు రాయడం మానేశాం గానీ, అది ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే ధ్వని ఉండేదని చెప్పే గుర్తు. తమిళంలో ఆ ధ్వని ఇప్పటికీ నిండుగా ఉంది, 'తూంగు' అంటారు. అక్కడి పాత అర్థం వేలాడటం, ఈనాటి అర్థం నిద్రపోవడం. కన్నడంలో 'తూగు' అంటే ఊగడం, వేలాడటం, బరువు తూచడం కూడా, వేలాడే వంతెనని 'తూగుసేతువె' అంటారు, కునికిపాట్లు పడటాన్ని 'తూకడిసు' అంటారు. ఇంకో తమాషా ఏమిటంటే తమిళంలో 'తూక్కం' అంటే నిద్ర, మలయాళంలో అదే 'తూక్కం' అంటే బరువు. పాలక్కాడు కనుమ దాటితే చాలు, నిద్ర కాస్తా కిలోల్లోకి మారిపోతుంది!

ఇన్ని అర్థాలు ఒక్క మాటలో ఎలా ఇమిడాయంటే, అన్నిటికీ మూలం వేలాడటమే. వేలాడేది ఊగుతుంది, అందుకని తూగుటుయ్యాల. కూర్చుని కునుకు తీసేవాడి తల వేలాడుతుంది (మెడ పట్టు వదిలేస్తుంది కాబట్టి, అది గుర్తుపెట్టుకోండి), అందుకని 'కుర్చీలోనే తూగుతున్నాడు'. త్రాసులో తట్టలు వేలాడతాయి, అందుకని తూకం. రెండు తట్టలూ ఒక ఎత్తున ఆగితే సరితూగడం. సిరిసంపదలతో తులతూగడంలో సంస్కృతం తుల, తెలుగు తూగు ఒకే గుమ్మంలో కాపురం పెట్టాయి. పద్యానికి కూడా తూగు ఉండాలంటాం, అది ఊపుకూ ఒద్దికకూ మధ్య ఉండే సంగతి. ఈ కాలపు వచన కవులకి చెప్పినా అర్థం కాదనుకోండి, అది వేరే ఉత్తరానికి దాచుకుంటాను.

అంటే తెలుగువాడికి ఊగడమూ బ్యాలెన్సూ ఒకే మాటలో ఉన్నాయి. మొదట్లో ఇది నాకు ఎదురుబొదురు అర్థాల గొడవలా అనిపించేది. మీరు ఉత్తరంతో పాటు పంపిన వివరాలు చదివాక అందులో గొడవేమీ లేదనిపిస్తోంది. కదలకుండా నిలబడ్డామని మనం అనుకుంటాం గానీ, నిలబడ్డ మనిషి చీలమండల మీద ముందుకీ వెనక్కీ, పక్కలకీ సన్నగా ఊగుతూనే ఉంటాడట, ఆ ఊపుని క్షణక్షణం సరిచేసుకోవడమే నిలబడటమట. మంచి త్రాసుకైనా ముల్లు సన్నగా వణకకుండా ఉంటుందా? పైగా ఆ ఊపుని కొలవడానికి మీరు వాడేది ఏమిటి? కాళ్ళ కింద బరువు ఎటు ఎంత మొగ్గుతోందో పట్టే పలక. అంటే తూకం వేసే పలక మీద మనిషిని నిలబెట్టి తూగుని కొలుస్తున్నారు! ఇంతకంటే నాకేం కావాలి చెప్పండి.

మీకు తెలిసిందే గానీ, మిగతా పాఠకుల కోసం మెడకీ దీనికీ సంబంధం ఏమిటో రెండు ముక్కలు రాస్తాను. మనిషి పడిపోకుండా ఉండటానికి కళ్ళు, లోపలి చెవి, కండరాలూ కీళ్ళూ అరికాళ్ళూ కలిసి కబుర్లు పంపుతుంటాయి. చెవి చెప్పేది తల ఒరిగిందని మాత్రమే. ఒళ్ళంతా ఒరిగిందా, ఒళ్ళు నిటారుగా ఉండి తల ఒక్కటే ఒరిగిందా అన్నది దానికి తెలీదు, అది చెప్పాల్సింది మెడ. అందుకే పుర్రె కింద, మెడ మొదట్లో లోతుగా ఉండే చిన్న చిన్న కండరాల్లో సాగుడుని పసిగట్టే అవయవాలు చాలా దట్టంగా ఉంటాయి. నొప్పి చాలాకాలం ఉండిపోతే, లేదా కారు గుద్దుకున్నప్పుడు మెడ విదిలించినట్టైతే, ఆ కబురు తప్పుగా రావచ్చు. కళ్ళొకటి, చెవి ఒకటి, మెడ ఇంకొకటి చెబుతుంటే ఒళ్ళు ఎవరి మాట వినాలి? అందుకే అలాంటి వాళ్ళను కళ్ళు మూసుకుని నిలబడమంటే, మెడ నొప్పి లేనివాళ్ళ కంటే ఎక్కువ ఊగుతారు. అందరూ కాదు, అందరిలో ఒకేలా కాదు.

1991లో మిషెల్ రెవెల్ అనే ఫ్రెంచి డాక్టరు, ఆయన బృందం ఒక పరీక్ష ప్రచురించారు. తలకి లైటు తగిలించి, గోడ మీది గుర్తుకు 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టి, కళ్ళు మూసి, తలను పక్కకి తిప్పి మళ్ళీ మొదటి చోటికే తెమ్మంటారు. వెలుగు గుర్తు నుంచి దాదాపు 7 సెంటీమీటర్లకు మించి పక్కకి పోతే, అంటే 4.5 డిగ్రీలు దాటితే, మెడ లెక్క తప్పుతున్నట్టు. దీనికి మీ వాళ్ళు 'కీళ్ళ స్థాన దోషం' అనో ఏదో పేరు పెట్టి ఉంటారు. గురి తప్పడం అనండి, పల్లెటూళ్ళో గోళీలాడే పిల్లాడికి కూడా అర్థమవుతుంది.

ఇక తూలు. ధ్వని దగ్గరగా ఉంది కదా అని తూలునీ తూగునీ ఒకే వేరుకి కట్టెయ్యకండి. తూగేది తిరిగి తన చోటికి వస్తుంది. తూలేది రాకపోవచ్చు, అది పడబోయే కదలిక. అందుకే నోరు జారితే 'మాట తూలాడు' అంటాం, ఆ మాట వెనక్కి రాదు. తూలనాడటం కూడా ఉంది. పేషెంటు 'తూలుతున్నాను' అన్నాడంటే పడతాననే భయం ఉందని అర్థం చేసుకోండి. 'తడబాటు' అడుగుది, అంతకంటే మనసుది: పోతన లక్ష్మీదేవి 'అడుగిడు నడుగిడదు' అన్నట్టు నడిచింది మెడ నొప్పితో కాదు, మొగుడిని అడగాలా వద్దా అన్న సందేహంతో. 'తమాయించుకోవడం' తూలిన తర్వాతి మాట.

తల తిరగడం, కళ్ళు తిరగడం గురించి నిఘంటువు చూసి తీర్పు చెప్పేయడం నాకు ఇష్టం లేదు. కొందరు గది గిర్రున తిరిగితే తల తిరిగిందంటారు, తిండి లేక సొమ్మసిల్లబోతే కళ్ళు తిరిగాయంటారు. కొందరికి రెండూ ఒకటే. తెలంగాణలో చాలామంది అన్నిటికీ కలిపి 'చక్కరొస్తంది' అనేస్తారు. కాబట్టి మాటని పట్టుకుని జబ్బు తేల్చకండి, 'ఏం తిరుగుతోందమ్మా, గదా నువ్వా, లేక ఊరికే నిలవలేకపోతున్నావా' అని అడగండి. మెడ వల్ల వచ్చేది ఎక్కువగా ఆ మూడోదనీ, పక్క మీద దొర్లినప్పుడు గది గిర్రున తిరిగితే ముందు చెవినే అనుమానించాలనీ మీ కాగితాల్లోనే ఉంది. చూశారా, మీకు వ్యాకరణం కంటే ఆరా ముఖ్యం.

సరే, ఏ మాట వాడాలన్నారు కదా. బ్యాలెన్స్ అన్న గుణానికి నా ఓటు 'నిలకడ'కే. జ్వరం నిలకడగా ఉందంటాం, నిలకడ మీద నిజం తెలుస్తుందంటాం, నిలవడం దాని పేరులోనే ఉంది. భంగిమ నియంత్రణ అని మీ వాళ్ళు అవస్థపడ్డ పనికి మనకి తయారుగా ఉన్న మాట 'నిలదొక్కుకోవడం'. దాని రెండో సగం తొక్కడం. పాదాలతో నేలని నొక్కి పట్టి ఒంటిని నిలబెట్టుకోవడం, మీరు చేయించే వ్యాయామం కూడా సరిగ్గా అదే కదా. ఈ మాటని రాజకీయ విలేకరులు ఎత్తుకుపోయి పార్టీలకీ ప్రభుత్వాలకీ తగిలించారు, దాన్ని మళ్ళీ కాళ్ళ దగ్గరికి తెచ్చుకుంటే తప్పులేదు.

తూగుని మాత్రం నా పిచ్చి కొద్దీ రాయమనలేకపోతున్నాను. మీరు రికార్డులో 'కళ్ళు మూస్తే తూగు ఎక్కువ' అని రాసుకుంటే నాకు పండగే. కానీ పేషెంటుతో 'మీరు బాగా తూగుతున్నారండీ' అన్నారనుకోండి, పక్కన కూర్చున్న భార్య ఆయన వైపు ఇంకోలా చూస్తుంది. కల్లు ఆ మాటని అలా చెడగొట్టింది. పేజీలో 'ఊగడం' అని వేయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంతా చెప్పాక పేషెంటు 'బ్యాలెన్స్ తప్పుతోంది సార్' అంటే అలాగే ఉండనివ్వండి, అది కూడా తెలుగే అయిపోయింది, తప్పడం మనదే కదా.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మీ చిత్తుప్రతిలో రెండు చోట్ల 'మెడ నరాలు బలపడే వ్యాయామాలు' అని ఉంది. బలపడేవి కండరాలు. జనం కండరాన్నీ నరాన్నీ కలిపి నరమే అంటారు, అది వాళ్ళ వాడుక, తప్పు పట్టను. మీరు రాస్తే మాత్రం ఇంటికెళ్ళి 'నా నరాలు చచ్చిపోయాయట' అని ఏడుస్తారు. ఆ రెండు చోట్లా 'కండరాలు' అని దిద్ది అచ్చుకి పంపండి.