బటన్ మీద ఐకాన్ ఏమైపోయింది?

ప్రశ్న: బటన్‌కు కార్ట్ ఐకాన్, దాని వెనక గ్రేడియంట్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మెల్లగా మారే నేపథ్యం) రావాలని సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపాన్ని నిర్దేశించే భాష) బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ రెండుసార్లు రాశాను. గ్రేడియంట్ ఒక్కటే కనిపిస్తోంది. ఎందుకండీ?

జవాబు: ఒకే ప్రాపర్టీ (బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ లాంటి సెట్టింగ్) రెండుసార్లు రాస్తే చివరిదే చెల్లుతుంది. రెండింటినీ ఒకే ప్రాపర్టీలో, మధ్య కామా పెట్టి రాయండి. ముందు రాసిందే పైపొర. కాబట్టి ఐకాన్ యూఆర్ఎల్ ముందు, లీనియర్-గ్రేడియంట్ తర్వాత. తిరగేశారా, గ్రేడియంట్ ఐకాన్‌ను కప్పేస్తుంది.

సైజు, పొజిషన్, రిపీట్ కూడా అదే వరుసలో కామాలతో ఇవ్వాలి. ఐకాన్‌కు 16 పిక్సెల్స్, నో-రిపీట్, ఎడమ నుంచి 12 పిక్సెల్స్, నిలువుగా సెంటర్. గ్రేడియంట్‌కు వెడల్పు, ఎత్తు 100 శాతం. సైజు ఒక్కటే ఇస్తే రెండు పొరలకూ అదే వర్తించి, గ్రేడియంట్ కూడా 16 పిక్సెల్స్ ముక్క అయిపోతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. అక్షరాలు ఐకాన్ మీదికి ఎక్కకుండా ఎడమ ప్యాడింగ్ (బటన్ లోపలి ఖాళీ) 36 పిక్సెల్స్ పెట్టండి.

షార్ట్‌హ్యాండ్‌లో, అంటే అన్నీ కలిపి ఒకే బ్యాక్‌గ్రౌండ్ ప్రాపర్టీలో రాసేటప్పుడు, రంగు చివరి పొరలోనే రాయాలి. ముందు పొరలో రాస్తే బ్రౌజర్ ఆ డిక్లరేషన్ (ఆ ప్రాపర్టీ రాసిన లైను) మొత్తాన్నీ వదిలేస్తుంది. హోవర్‌లో (బటన్ మీదికి మౌస్ వచ్చినప్పుడు) షార్ట్‌హ్యాండ్‌తో రంగు మాత్రం ఇస్తే ఐకాన్ మళ్లీ మాయం. అక్కడ బ్యాక్‌గ్రౌండ్-కలర్ మార్చండి. అది కనిపించాలంటే గ్రేడియంట్ రంగులు కాస్త పారదర్శకంగా ఉండాలి సుమా.