షుగర్ ఉన్నవాడు వైన్ తాగొచ్చా అంటే

సెలవుకి ఇంగ్లండ్ నుంచి వైజాగ్ వచ్చాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచి గట్టు మీద కూర్చుంటే, ఎంవీపీ కాలనీలో మా పక్కింటి కుర్రాడు వచ్చి చేరాడు. వచ్చే నెల మాంచెస్టర్ వెళ్తున్నాడట. కాసేపు నసిగి, "బాబాయ్, అక్కడ ఆఫీసు పార్టీల్లో వైన్ ఇస్తారంట కదా, నాకు షుగరుంది, రెడ్ వైన్‌లో తీపి ఉండదు కాబట్టి పర్లేదంటున్నారు, నిజమేనా?" అన్నాడు. కొత్తగా వచ్చే మనవాళ్లలో చాలామందికి ఉండే సందేహమే ఇది.

తీపి సంగతి నిజమే. 150 మి.లీ. డ్రై (తీపి లేని) వైన్‌లో పిండిపదార్థం మూడు నాలుగు గ్రాములే. కానీ మనం షుగర్ పెరుగుతుందని భయపడతాం, అసలు చిక్కు అది పడిపోవడంతో. ఆల్కహాల్ లోపలికి వెళ్లిందంటే లివర్ ముందు దాని పని పట్టే హడావిడిలో కొత్తగా గ్లూకోజ్ తయారుచేయడం తగ్గించేస్తుంది. అదే టైంలో ఒంట్లో ఇన్సులినో, ఇన్సులిన్ ఊరేలా చేసే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో ఉంటే షుగర్ జారిపోతుంది. అదీ తాగిన వెంటనే కాదు, అర్ధరాత్రో, మర్నాడో, ఒక్కోసారి 24 గంటల దాకా.

నాకూ షుగరే. నేను అక్కడికి వెళ్లిన రెండో ఏడు క్రిస్మస్ పార్టీలో, శాకాహారం పేరుతో నాలుగు ఆకులు పెడితే అవే నమిలి, రెండు పెద్ద గ్లాసులు తాగి ఇంటికొచ్చి పడుకున్నా. మూడింటికి మెలకువ వచ్చేసరికి బనియన్ పిండితే కారేంత చెమట, చేతులు వణుకు, మాట ముద్ద. తాగొచ్చిన మత్తే అనుకుని మా ఆవిడ అటు తిరిగి పడుకోబోయింది, ఎందుకో అనుమానమొచ్చి వేలు గుచ్చితే 2.8! అక్కడి మీటర్లు మన లెక్క చూపించవు, 18తో గుణించుకోవాలి, అంటే 50. ఆరెంజ్ జ్యూస్ తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూసింది.

అందుకే కడుపులో అన్నమో చపాతీయో పడకుండా గ్లాసు ముట్టుకోవద్దు. పబ్‌లో లార్జ్ అంటే 250 మి.లీ., సీసాలో మూడో వంతు. 125 అని అడుగు, ఇస్తారు. వారానికి 14 యూనిట్లు (ఒక యూనిట్ అంటే 10 మి.లీ. అచ్చమైన ఆల్కహాల్) మించొద్దని అక్కడి ప్రభుత్వ సలహా, ఆ లార్జ్ ఒక్కటే 3 యూనిట్లు దాటిపోతుంది (14 అన్నది హద్దు, టార్గెట్ కాదు నాయనా). పడుకోబోయే ముందు షుగర్ చూసుకో, పక్కనున్నవాడికి నీకు షుగరుందని చెప్పి ఉంచు, ఎందుకంటే షుగర్ పడినవాడూ తాగినవాడూ చూసేవాళ్లకి ఒకేలా ఉంటారు. పార్టీ ఉందని సొంతంగా మాత్ర మానేయడాలు వద్దు. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు బాగా ఎక్కువున్నా, పాంక్రియాస్ వాచిన చరిత్ర ఉన్నా, కాళ్లు తిమ్మిర్లున్నా అసలు జోలికే పోకు. అలవాటు లేనివాడు కొత్తగా మొదలెట్టక్కర్లేదు, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడితే అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

వాడు అంతా విని, "నాకు భయం లేదు బాబాయ్, నేను వేసుకునేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే, దాంతో షుగర్ అలా పడిపోదట" అన్నాడు. విపరీతంగా తాగితే అదీ ప్రమాదమేరా, అయినా ముందు ఆ స్ట్రిప్ ఫొటో పంపు అన్నాను.

సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది. మెట్‌ఫార్మిన్ 500, దాని కిందే చిన్న అక్షరాల్లో గ్లిమిపిరైడ్ 1. "ఇన్నాళ్లూ చూడలేదు బాబాయ్, రేపే డాక్టర్ దగ్గరికి వెళ్తా" అని రాశాడు.