రెండు స్మారాలు, ఒక రాయబారి

తమ్ముడూ,

పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడే పొలిసారియో సంస్థ నాయకుడు బ్రాహిం గాలి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. అయితే అందులో పదవులు కనిపించినంతగా మనిషి కనిపించలేదు. రక్షణ మంత్రి, మాడ్రిడ్‌లో ప్రతినిధి, అల్జీర్స్‌లో రాయబారి, 2016 నుంచి పొలిసారియో ప్రధాన కార్యదర్శి, అక్కడి ప్రజలైన సహ్రావీల పేరుతో ఆ సంస్థ ప్రకటించిన సహ్రావీ రిపబ్లిక్ అధ్యక్షుడు అంటూ గబగబా దాటేశావు.

మాడ్రిడ్‌లో ఆయన వట్టి ప్రతినిధి ఎందుకయ్యాడు? ఆ రిపబ్లిక్‌ను అల్జీరియా గుర్తించింది, స్పెయిన్ గుర్తించలేదు కాబట్టి. నువ్వు ఆగాల్సింది ఇక్కడే. పశ్చిమ సహారా అప్పట్లో స్పెయిన్ వలస. గాలి కుర్రతనంలో స్పెయిన్ సైన్యంలోనే పనిచేశాడు. 1970లో అక్కడి ప్రధాన నగరం ఎల్ అయూన్‌లో జరిగిన జెమ్లా నిరసన తర్వాత అదే స్పెయిన్ ఆయన్ని జైల్లో పెట్టింది. 1973 మే 10న పొలిసారియో పుట్టినప్పుడు తొలి ప్రధాన కార్యదర్శి ఆయనే. పది రోజులకు అల్ ఖంగాలోని స్పెయిన్ స్థావరం మీద దాడితో సాయుధ పోరాటం మొదలైంది. 1975 నవంబరులో స్పెయిన్ ఆ నేలను మొరాకో, మౌరిటానియాల చేతుల్లో పెట్టే ఒప్పందం చేసుకుని, 1976 ఫిబ్రవరిలో తప్పుకుంది. అలాంటి దేశపు రాజధానిలో, తన రిపబ్లిక్‌ను లెక్కలోకే తీసుకోని ప్రభుత్వం ముందు, 1999 నుంచి 2008 దాకా కూర్చున్నాడు. తుపాకీ పట్టిన మనిషి అన్నేళ్లు అక్కడ ఎలా నెగ్గుకొచ్చాడో రాయి. నీ వ్యాసానికి ప్రాణం అదే.

రెండోది, పశ్చిమ సహారా స్వతంత్రంగా ఉండాలా, మొరాకోలో కలవాలా అని అక్కడి ప్రజలు తేల్చాల్సిన రెఫరెండం. 'జరగలేదు' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. 1991లో మొరాకో, పొలిసారియోల మధ్య కాల్పుల విరమణ కుదిరింది. 1992 జనవరిలో ఓటింగ్ జరగాలి. ఓటరు ఎవరన్న దగ్గరే బండి ఆగింది. ఆ గదిని చూపించు: ఒక ముసలాయన వచ్చి కూర్చుంటాడు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగి ఏ తెగ, ఏ శాఖ, తండ్రి ఎవరు అని అడుగుతాడు. పక్కనే ఇరుపక్షాల తెగ పెద్దలు. ఒకాయన 'మావాడే' అంటే ఇంకొకాయన 'కాదు' అంటాడు. ఆధారం 1974 నాటి స్పెయిన్ జనాభా లెక్క. చివరికి 86 వేల పైచిలుకు పేర్లు తేలితే, వాటి మీద లక్షకు పైగా అప్పీళ్లు పడ్డాయి. సహ్రావీ దౌత్యవేత్తల జీవితంలో సింహభాగం ఇలాంటి కాగితాల మధ్యే కరిగిపోయింది. పాఠకుడికి విసుగొస్తుందని భయపడకు.

2021 సంగతి ఎందుకు వదిలేశావు? అభిమానం కొద్దీ అనుకుంటాను. కోవిడ్‌తో ఆయన వేరే పేరు మీద స్పెయిన్‌లోని లొగ్రోన్యో ఆసుపత్రిలో చేరడం, మొరాకో మండిపడటం, మే నెలలో రెండు రోజుల్లో దాదాపు 8 వేల మంది మొరాకో వైపు నుంచి, దాన్ని ఆనుకునే ఉన్న స్పెయిన్ పట్టణం సెయుటాలోకి చొరబడటం, జూన్ 1న ఆయన వీడియోలో స్పెయిన్ కోర్టు ముందు హాజరవడం... అన్నీ రాయాల్సిందే. హింసించారని ఆయన మీద ఫిర్యాదు చేసినవాళ్లూ సహ్రావీలే. ఆయన ఆ ఆరోపణల్ని కాదన్నాడు. ఫిర్యాదు ఏదో, కోర్టు తేల్చింది ఏదో విడివిడిగా చెప్పు. దాచిపెడితే మిగతా వ్యాసాన్నీ ఎవరూ నమ్మరు.

ఇంకో మాట. ఆయన పుట్టింది స్మారాలో. ఆ ఊరు మొరాకో అధీనంలో ఉంది. అల్జీరియాలో తిందూఫ్ దగ్గరి శరణార్థి శిబిరాలకు సహ్రావీలు తమ ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: ఎల్ అయూన్, దాఖ్లా, అవ్సెర్ద్, స్మారా. నువ్వు 'స్మారా' అని రాసిన ప్రతిచోటా ఏ స్మారానో స్పష్టంగా తెలియాలి. ఇప్పుడైతే రెండూ కలిసిపోయి ఉన్నాయి.

మన దేశం ఊసే ఎత్తలేదు నువ్వు. రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉన్న 1985లో భారత్ సహ్రావీ రిపబ్లిక్‌ను గుర్తించింది, వాజ్‌పేయి హయాంలో 2000లో ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంది. ఆ పదిహేనేళ్ల మీద తెలుగులో ఒక్క మంచి వ్యాసం కూడా నా కంటపడలేదు. పార్లమెంటు చర్చలు, అప్పటి పత్రికలు తిరగెయ్యి. దొరికింది కలిపి రాసి మళ్లీ పంపు, చదువుతాను.

మీ అన్నయ్య