మందుల చీటీల్లో పొరపాట్లపై పరిశోధన చేయబోతున్న యువ వైద్యుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఓపీలో రాసే మందుల చీటీల్లో పొరపాట్లు వెతికి తగ్గించే పనికి పూనుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. చీటీలు పోగుచేయడానికి ముందే, దేన్ని పొరపాటుగా లెక్కిస్తావో కాగితం మీద రాసి పెట్టుకో. తేదీ వేయకపోవడమూ, పెన్సిలిన్ పడని రోగికి అదే జాతి మందైన అమాక్సిసిలిన్ రాయడమూ ఒకే పద్దులో చేరితే, వచ్చిన శాతం ఎంత పెద్దదైనా దానితో ఎవరికీ మేలు జరగదు. ఇంగ్లండులో కుటుంబ వైద్యులు రాసే మందులపై 2012లో వెలువడిన అధ్యయనంలో, రాసిన ప్రతి 20 మందుల్లో ఒకదానికి ఏదో ఒక లోపం ఉందని తేలింది. తీవ్రమైన లోపం మాత్రం దాదాపు 550కి ఒకటే. అందువల్ల తీవ్రతను వేరుగా నమోదు చేయి, దాన్ని ఇద్దరి చేత విడివిడిగా నిర్ణయింపజేయి. లెక్క చీటీకా, చీటీలోని ఒక్కో మందుకా అన్నది కూడా మొదటే తేల్చుకో.

చీటీ ఒక్కటే చేతిలో పెట్టుకుని కూర్చుంటే ప్రమాదకరమైనవి చాలావరకు నీ కంటపడవు. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది మరొకటి. ఎనిమిది కిలోల బిడ్డకు "5 మి.లీ." అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినా, ఏ గాఢత ఉన్న సిరప్పో రాయకపోతే ఆ బిడ్డకు అందవలసిన 120 మిల్లీగ్రాములకు రెట్టింపు పైగా అందవచ్చు. ఈ తప్పు బయటపడాలంటే బిడ్డ బరువూ, దుకాణంలో ఇచ్చిన సీసా వివరమూ నీ దగ్గర ఉండాలి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ రాసినచోట మూత్రపిండాల పరీక్ష ఫలితం చూడాలి. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు కాబట్టి, వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీలో ఆ రోజు పేరుతో సహా ఉందా అని తప్పక చూడు. 1.0 అన్నది 10గా, .5 అన్నది 5గా చదివే అవకాశం ఉన్న చీటీలను కూడా విడిచిపెట్టకు.

కారణాలు తెలుసుకోవడానికి రాసినవారితోనే, జ్ఞాపకం చెదరకముందే, ఒకటి రెండు రోజుల్లో మాట్లాడాలి. రోగిని చూడకుండా పాత చీటీనే మళ్లీ రాశారా, మధ్యలో ఎవరైనా పిలిచారా, కంప్యూటరు జాబితాలో పక్క పేరు నొక్కారా అన్నది వాళ్లే చెప్పగలరు. వాళ్ల పేర్లు ఒక్కసారి యాజమాన్యానికి చేరాయంటే ఆ తర్వాత నీకు నిజం చెప్పేవారుండరు; ఈ విషయంలో నేను ఏ సడలింపుకూ ఒప్పుకోను.

తగ్గించే మార్గాల్లో కంప్యూటరు చీటీ మీద అతిగా ఆశ పెట్టుకోకు. చేతిరాత బాధ తీరుతుంది గానీ, ప్రతి మందుకూ హెచ్చరిక మోగితే వైద్యులు అన్నింటినీ చదవకుండానే దాటేస్తారు. బ్రిటన్‌లో 72 కుటుంబ వైద్యశాలల్లో జరిగిన పిన్సర్ ప్రయోగంలో, ప్రమాదంలో ఉన్న రోగుల జాబితాను కంప్యూటరు ద్వారా అందించి ఊరుకోవడం కంటే, ఫార్మసిస్టు వైద్యులతో కూర్చుని చర్చించి సరిదిద్దించడం ఎక్కువ ఫలితమిచ్చింది. కడుపుపుండు వచ్చినవారికి రక్షణ మందు లేకుండా నొప్పి మాత్రలు ఇవ్వడం, ఉబ్బసం ఉన్నవారికి బీటా బ్లాకర్లు (రక్తపోటుకూ గుండెజబ్బుకూ వాడే మందులు) ఇవ్వడం అక్కడ ఆరు నెలలకు తగ్గాయి. నువ్వూ అలాంటి నాలుగైదు ప్రమాదాలనే ఎంచుకో. మార్పుకు ముందు కొన్ని నెలలూ, తర్వాత కొన్ని నెలలూ అదే నిర్వచనంతో, అదే పద్ధతిలో లెక్కించు. ఒక్కొక్కసారే కొలిస్తే, మామూలుగా వచ్చే హెచ్చుతగ్గులనే నీ విజయంగా పొరబడతావు.

సమాచారం సేకరిస్తుండగా, ఇప్పటికీ మందు వేసుకుంటున్న రోగి చీటీలో ప్రమాదం కనిపిస్తే, అధ్యయనం ముగిసేదాకా ఆగకూడదు. ఆ రోజే వైద్యుడికీ రోగికీ తెలియజేయాలి. ఎవరు, ఎంతసేపట్లో, ఎలా తెలియజేస్తారో నైతిక కమిటీకి సమర్పించే ప్రణాళికలోనే రాయి.