ఓల్టేజి పడిపోతే మోటారు కరెంటు ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: ఓల్టేజి తగ్గితే కరెంటూ తగ్గుతుందని బడిలో చెప్పారు. మా నాన్న బోరుకు 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఉంది. స్టార్టర్ పెట్టెలో ఓల్టుమీటరు ముల్లు 415 నుంచి 340కి పడిపోతే, ఆమ్మీటరు ముల్లు మాత్రం 8 నుంచి 10కి పెరుగుతోంది. ఓమ్ నియమం తప్పా? మోటారు కరెంటును ఎలా లెక్కించాలి?
– పదో తరగతి విద్యార్థి, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: మీటర్లను ఇంత శ్రద్ధగా గమనించినందుకు ముందుగా అభినందనలు. ఓమ్ నియమం తప్పు కాదు, కానీ అది తిరిగే మోటారు కోసం చెప్పింది కాదు.

తీగలో ఒక చోటును సెకనుకు ఎంత ఆవేశం దాటుతుందో అదే విద్యుత్ ప్రవాహం. సెకనుకు ఒక కూలుంబ్ దాటితే ఒక ఆంపియర్. అంటే సుమారు 625 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు. ఉష్ణోగ్రత మారనంతవరకు లోహపు తీగ నిరోధం మారదు కాబట్టి, ఓల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. ఇదే ఓమ్ నియమం. 230 ఓల్టుల దగ్గర 1000 వాట్ల నీళ్ల హీటరు నిరోధం దాదాపు 53 ఓములు, కరెంటు 4.3 ఆంపియర్లు. ఓల్టేజి 180కి పడిపోతే కరెంటు 3.4కు తగ్గుతుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. మీ బడిలో చెప్పింది ఇక్కడ అక్షరాలా నిజం.

మోటారు సంగతి వేరు. అది తిరుగుతున్నప్పుడు దాని చుట్లలోనే సరఫరాకు ఎదురుగా మరో ఓల్టేజి పుట్టి కరెంటును అదుపులో ఉంచుతుంది. స్టార్ట్ చేసిన క్షణంలో, ఆ ఎదురు ఓల్టేజి ఇంకా లేనందున, ముల్లు ఒక్కసారిగా పైకి లేచి తర్వాత దిగడం మీరు చూసే ఉంటారు. పైగా బోరులోంచి నీటిని అంతే ఎత్తుకు ఎత్తాల్సిన పని ఓల్టేజి తగ్గిందని తగ్గదు. అందువల్ల మోటారు కాస్త నెమ్మదించి, దాదాపు అంతే సామర్థ్యం కోసం ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఇక లెక్క. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లు. త్రీఫేజ్ కాబట్టి 415ను 1.732తో గుణించి, ఆ ఫలితాన్ని పవర్ ఫ్యాక్టర్‌తోనూ (ఓల్టేజి, కరెంటుల లబ్ధంలో నిజంగా పనికొచ్చే వంతు) మోటారు దక్షతతోనూ (తీసుకున్న విద్యుత్తులో పనిగా మారే వంతు) గుణించాలి. ఆ రెండూ 0.8 చొప్పున అనుకుంటే 460 వస్తుంది. 3730ని 460తో భాగిస్తే 8.1 ఆంపియర్లు. 415 స్థానంలో 340 పెడితే 9.9 వస్తుంది. మీ ఆమ్మీటరు చెప్పిందీ ఇదే.

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, కరెంటు 8 నుంచి 10కి పెరిగితే వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. లో ఓల్టేజిలో వైండింగ్ కాలిపోయేది ఇందుకే. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు పరిమితి దాటితే మోటారును ఆపేసే భాగం) మోటారు నేమ్‌ప్లేట్ మీద రాసి ఉన్న ఆంపియర్లకు సరిపెట్టించమని, అది పదేపదే ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి డైరెక్టుగా నడపవద్దని నాన్నగారికి చెప్పండి. మీరు మాత్రం మీటర్లను బయటి నుంచే చదవండి, పెట్టె తెరవకండి.