కళాకారులను మార్చుకుంటామా?

సందేహం: మా కాలేజీ వాళ్లు విదేశీ చిత్రకారులను పిలిపించి హనుమకొండలో కొన్ని గోడలకు బొమ్మలు వేయిస్తున్నారు. ఆ తర్వాత మన చిత్రకారులు కొందరు వాళ్ల ఊరికి వెళ్లి అక్కడి గోడల మీద వేసి వస్తారు. ఆహ్వానపత్రం తెలుగులో రాసే పని నా మీద పడింది. ‘అంతర్జాతీయ కళాకారుల మార్పిడి కార్యక్రమం’ అని రాస్తే స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వారు. ‘వినిమయం’ అనమని ఒకరు, ‘ఎక్స్ఛేంజ్’ అనే ఉంచమని ఇంకొకరు. ఏది సరి? పబ్లిక్ ఆర్ట్‌ను ‘ప్రజాకళ’ అనవచ్చా? గోడ మీద బొమ్మ గీస్తారా, వేస్తారా, రాస్తారా?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: నవ్వినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండమ్మా. వాళ్ల చెవి సరిగానే పనిచేసింది. ‘మార్పిడి’కి ముందు ఏ మాట పెడితే ఆ వస్తువే చేతులు మారుతుంది. నోట్ల మార్పిడిలో నోట్లు, కిడ్నీ మార్పిడిలో కిడ్నీ. మనుషులను పెడితే మనకు గుర్తొచ్చేది సరిహద్దు దగ్గర జరిగే ఖైదీల మార్పిడి. పెళ్లిళ్లలో ‘కుండమార్పిడి’ కూడా ఉంది: మీ పిల్ల మా ఇంటికి కోడలు, మా పిల్ల మీ ఇంటికి కోడలు. ఈ రెండింటిలోనూ ఇటు వచ్చినవాళ్లు ఇటే ఉండిపోతారు. మీ చిత్రకారులు మాత్రం పని ముగించి బ్యాగు సర్దుకుని ఇంటికి వెళ్లిపోతారు కదా! నవ్వు అక్కడ పుట్టింది.

‘వినిమయం’ సంస్కృతంలో చక్కగా ఇచ్చిపుచ్చుకోవడమే. కానీ తెలుగులో ఆ మాట ఎప్పుడో బజారుకు వెళ్లి మరోలా స్థిరపడింది. వినిమయదారుడు అంటే కొని వాడుకునేవాడు, వినిమయ సంస్కృతి అంటే కనబడినదల్లా కొనే పిచ్చి. ‘కళాకారుల వినిమయం’ అని కార్డు మీద చదివితే నాకైతే వాళ్లను వాడేసి పారేస్తున్నట్టు వినబడుతుంది. నిఘంటువు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

దీనికి మన పల్లెల్లో ఒక మాట ఉంది, కార్డు మీదికి ఎక్కకపోయినా చెప్పాలి. నాట్ల కాలంలో ‘మీ నాటుకు మేమొస్తం, మా నాటుకు మీరు రండ్రి’ అనుకుని ఒకరి పొలానికి ఒకరు పోతారు. పైసలు మారవు, పని మారుతుంది. దాన్ని ‘బదులు’ పోవుడు అంటారు. మీ కార్యక్రమం అచ్చంగా ఇదే, పొలానికి బదులు గోడ. అక్కడ మాటను చూడండి: బదులు ఇస్తున్నది మనిషిని కాదు, పనిని. కాబట్టి మీరు కూడా కళాకారులను పక్కకు జరిపి కళను ముందుకు తెండి. ‘కళల ఇచ్చిపుచ్చుకోలు’ అనండి. కాస్త గంభీరంగా కావాలని ప్రిన్సిపాల్ గారు పట్టుబడితే ‘కళల ఆదానప్రదానం’. ‘ఎక్స్ఛేంజ్’ తప్పేమీ కాదు గానీ, ఆ మాటతో మన జిల్లాల్లో చాలామందికి ముందు టెలిఫోన్ ఆఫీసు గుర్తొస్తుంది.

ఇంకొక చిక్కు, మీరు అడగనిది. ‘అంతర్జాతీయ కళాకారులు’ అంటే మన వాడుకలో ప్రపంచమంతా పేరున్నవాళ్లు. వచ్చేవాళ్లు పాతికేళ్ల కుర్రవాళ్లయితే పాపం వాళ్లకే ఇబ్బంది. ‘విదేశీ చిత్రకారులు’ చాలు.

‘ప్రజాకళ’ వద్దు. ఓరుగల్లులో ఆ మాటకు వేరే చరిత్ర ఉంది; ఒగ్గు డోలో, గజ్జె కట్టి పాడే పాటో గుర్తొస్తుంది. ప్రజల్లోంచి వచ్చింది ప్రజాకళ, ప్రజల ముందు పెట్టింది మరొకటి. ‘బహిరంగ కళ’ అందామంటే ‘బహిరంగ’ పక్కన సభ, వేలం, రహస్యం ఇప్పటికే చోటు పట్టుకుని కూర్చున్నాయి. వీధినాటకం, వీధిబడి మనకు ఉండనే ఉన్నాయి కాబట్టి ‘వీధికళ’ అంటే ఎవరూ నిఘంటువు తెరవక్కర్లేదు. ఢిల్లీ లోధీ కాలనీలో ప్రభుత్వ క్వార్టర్ల గోడల మీద, హైదరాబాద్ ఖైరతాబాద్ పక్కన మక్తా బస్తీలో ఇళ్ల గోడల మీద దేశ విదేశాల చిత్రకారులు వేసినవన్నీ ఈ మాటలో ఇమిడిపోతాయి.

ఇక గీయడం, వేయడం, రాయడం. మూడూ సరైనవే, కానీ ఒక్కటి కావు. మొన్న మా వీధి చివర ప్రహరీ గోడకు బొమ్మ వేస్తుంటే కాసేపు నిలబడి చూశాను. ముందు ఇద్దరు చెరో కొస పట్టుకుని సుద్ద పూసిన దారం కొట్టారు, గోడంతా గళ్లు పడ్డాయి. ఒకతను చేతిలోని చిన్న కాగితం చూస్తూ గడికి గడి బొగ్గుతో గీశాడు. నిచ్చెన కింద డబ్బా కలుపుతున్న పిల్లవాణ్ణి అడిగితే ‘అన్న గీసిండు, మేం రంగు నింపుతున్నం’ అన్నాడు. అంటే గీత వరకు గీయడం, రంగుతో సహా మొత్తం పని బొమ్మ వేయడం. డబ్బాతో చిమ్మితే స్ప్రే కొట్టడం. మరి రాయడం? శ్రీకాళహస్తి కలంకారీని ఇప్పటికీ ‘వ్రాతపని’ అంటారు, మచిలీపట్నానిది అచ్చులతో చేసే అద్దకం. కలంతో గీత లాగేది రాత అన్నమాట. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న చేర్యాల (ఇప్పుడు సిద్దిపేట జిల్లా)లో నకాషీలనే చిత్రకారులు పటాలు (చుట్టగా చుట్టిపెట్టే బట్ట మీది కథాబొమ్మలు) తయారు చేస్తారు, కథలు చెప్పే కూనపులి వాళ్లు వాటిని విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. అక్కడ బొమ్మ ఉన్నదే కథ చదివించడానికి. గోడ విషయంలో మాత్రం ‘రాయడం’ వాడకండి. గోడమీద రాశారంటే ఎన్నికల నినాదమో, ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అనో అనుకుంటారు.

‘కుడ్యచిత్రం’ అజంతాకు బాగుంటుంది. మీకు ‘గోడబొమ్మ’ సరిపోతుంది. కాకతీయుల కాలంలో మాచల్దేవి అనే వేశ్య చిత్రశాల ఉండిన ఓరుగంటికి గోడబొమ్మలు చిన్నతనమేమీ కాదు.

కార్డు మీద మొదటి వాక్యం ఇలా పెట్టి చూడండి: ‘వాళ్ల ఊరి చిత్రకారులు మన గోడల మీద, మన ఊరి చిత్రకారులు వాళ్ల గోడల మీద బొమ్మలు వేస్తున్నారు. చూడడానికి రండి.’ పైన శీర్షికకు ‘కళల ఇచ్చిపుచ్చుకోలు’. స్టాఫ్‌రూమ్‌లో మళ్లీ ఎవరైనా నవ్వితే ఏ మాటకు నవ్వారో రాయండి.